ఇంజను మార్చిన జీపు స్టార్టు కానిచో ఏమి చేయవలెను?

పల్లెటూరిలో ఒక జీపు ఉన్నచో అది ఒక్క కుటుంబమునకే చెందినది కాదు. తెల్లవారక ముందే కూరగాయల బుట్టలను సంతకు చేర్చునది అదియే. వాగు దాటి ఎరువుల బస్తాలను తెచ్చునది అదియే. నడిరేయి నొప్పులు వచ్చిన గర్భిణీ స్త్రీని ఆసుపత్రికి కొనిపోవునదియు పెక్కుమార్లు అదియే. అట్టి బండి అవసరమైన గడియకు స్టార్టు కాకున్నచో కలుగు నష్టమును రూపాయలలో మాత్రమే లెక్కించుటకు వీలు కాదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మన దేశములో కూర్చబడిన జీపులలో చాల కాలము వరకు పెట్రోలు ఇంజనే ఉండెడిది. ఆ ఖర్చును భరింపలేక ఎందరో యజమానులు పాత ఇంజనును దింపి, దాని స్థానములో డీజిలు ఇంజనును ఎక్కించుకొనిరి. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కార్లకు కూడ ఇట్టి మార్పిడి విరివిగా జరిగినది. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఈ పనిలో ఆరితేరిన మేస్త్రీలు కలరు. అట్లు మారిన బండ్లు నేటికిని కొన్ని గ్రామములలో తిరుగుచున్నవి.

ఈ బండ్లతో వచ్చు చిక్కు సాధారణముగ స్టార్టింగు దగ్గరనే వచ్చును. షెడ్డులో ఒక్క తాకుడుకు పలికిన ఇంజను ఇంటికి వచ్చిన తరువాత మొరాయించును. అపుడు యజమాని తొందరపడి బ్యాటరీ కొనును; సెల్ఫు విప్పించును; నాజిళ్లు మార్పించును. డబ్బు ఖర్చగును గాని రోగము కుదరదు. కావున ఒక్క సూత్రమును పాఠకులు మనసున ఉంచుకొనవలెను. మార్పు జరిగిన బండిలో లోపమును ముందుగా రెండు చోట్ల వెదకవలెను: చేయి పడిన చోటను, క్రొత్త వస్తువును పాత బండితో కలిపిన అతుకులోను. పరీక్ష చేయకుండ ఏ వస్తువును కొనరాదు.

ఒక ఉదాహరణము

ఒక రైతు తన పాత పెట్రోలు జీపునకు డీజిలు ఇంజను వేయించెననుకొందము. షెడ్డులో బండి చక్కగా స్టార్టు అయినది. ఇంటికి తెచ్చిన రెండు దినములు మధ్యాహ్నపు వేళ నడచినది. మూడవ దినము తెల్లవారుజామున సెల్ఫు ‘‘గుర్రు’’ మని ఆగిపోయినది. రైతు క్రొత్త బ్యాటరీ కొనెను, ఫలము లేదు. సెల్ఫు విప్పించి లోపలి కార్బన్లు మార్పించెను, ఫలము లేదు. చివరకు ఊరిలోనే ఉన్న ముసలి ట్రాక్టరు మేస్త్రీని పిలుచుకొని వచ్చెను.

మేస్త్రీ ఏమియు విప్పలేదు. ‘‘సెల్ఫు కొట్టు నాయనా’’ అనెను. రైతు కొట్టెను. మేస్త్రీ ఇంజనును ఆపుటకు లాగెడి సన్నని తీగపై వ్రేలు ఉంచి వెంటనే తీసివేసెను.

‘‘ఈ తీగ ఇంతగా కాలుచున్నదేమి నాయనా?’’

‘‘ఇంజను వేడికి అయి యుండును మేస్త్రీగారూ.’’

‘‘ఇంజను ఇంకను స్టార్టే కాలేదు గదా! దానికి వేడి యెక్కడిది?’’

అపుడు మేస్త్రీ వంగి, ఇంజనుకు చాసిస్‌కు మధ్య ఉండవలసిన లావైన ఎర్తు పట్టీ లేదని చూపెను. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చున్నది. రబ్బరు గుండా విద్యుత్తు పారదు. సెల్ఫునకు వలసిన విద్యుత్తంతయు తిరిగి బ్యాటరీని చేరుటకు వేరు దారి లేక, ఆ సన్నని తీగ గుండా పోవుచున్నది. అందుచే తీగ కాలినది, సెల్ఫు నీరసించినది. మరి షెడ్డులో ఎట్లు పలికినది? అచ్చట షెడ్డు వారి పెద్ద బ్యాటరీ తీగలను తిన్నగా ఇంజను లోహమునకే తగిలించి స్టార్టు చేసిరి. మధ్యాహ్నపు వేళ ఇంజను కొంత వెచ్చగా ఉండుటచే తరువాతి రెండు దినములును గడచినవి. చల్లని వేకువ లోపమును బయట పెట్టినది.

ఒక పట్టీ వేసినంతనే బండి స్టార్టు అయినది. క్రొత్త బ్యాటరీ, సెల్ఫు రిపేరు ఖర్చు మాత్రము తిరిగి రాలేదు.

రెండు ఇంజనులకు భేదమేమి?

ఇంజను మారినపుడు దానితోపాటు ఏమేమి మారవలెనో తెలియవలెనన్న, రెండింటి పని తీరు తెలిసి యుండవలెను.

పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి సిలిండరులోనికి పోవును. ప్లగ్గు నిప్పురవ్వను ఇచ్చి మండించును. పాత విల్లీస్ జీపు ఇంజను ఘనపరిమాణము 2,199 ఘన సెంటీమీటర్లు. ఆరున్నర పాళ్ల మిశ్రమమును అది ఒక పాలుగా నొక్కెడిది. డీజిలు ఇంజనులో ప్లగ్గు రవ్వ లేదు. జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గు నగరమున జయప్రదముగ నడిపి చూపిన పద్ధతి ఇది. సిలిండరులో గాలిని మాత్రమే గట్టిగా నొక్కవలెను. జీపులలో, కార్లలో వేయు చిన్న డీజిలు ఇంజనులు సుమారు 20 నుండి 23 పాళ్ల గాలిని ఒక పాలుగా నొక్కును. అట్లు నొక్కబడిన గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి వేడెక్కును. ఆ వేడిలోనికి నాజిలు డీజిలును సన్నని తుంపరగా చిమ్మినంతనే అది తనంతట తాను మండును.

దీనినుండి మూడు సంగతులు తేలుచున్నవి. మొదటిది, డీజిలు ఇంజనును త్రిప్పుటకు ఎక్కువ బలము కావలెను. కావున బ్యాటరీ, సెల్ఫు, తీగలు పెద్దవి కావలెను. రెండవది, డీజిలు గాలిబుడగ లేకుండ నాజిలును చేరవలెను. మూడవది, నొక్కిన గాలి చాలినంత వేడెక్కవలెను. ఇంజను మారిన బండి స్టార్టు కాలేదన్న, ఈ మూడింటిలో ఏదో ఒకటి లోపించినదని తెలియవలెను.

పరీక్షకు పూనుకొనుటకు ముందు

బండిని న్యూట్రలులో ఉంచి, హ్యాండు బ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టవలెను. గేరులో ఉన్న బండి సెల్ఫు కొట్టగనే ముందుకు దూకి, ఎదుట నున్న వానిని గోడకు అదిమివేయగలదు.

తలుపులు మూసిన కొట్టములో ఇంజనును నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది తెలియకుండగనే ప్రాణము తీయును. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగింపరాదు. ఛార్జి అగుచున్న బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను వాయువు రవ్వ తగిలినచో ప్రేలును. డీజిలు పైపు విప్పి సెల్ఫు కొట్టునపుడు, నాజిలు చిమ్ము తుంపరకు చేయి అడ్డు పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. గాయము సూదిమొన యంతయే అయినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆలస్యమైనచో వ్రేలు, ఒక్కొక్కప్పుడు చేయియే పోవును.

హీటరు ప్లగ్గులున్న ఇంజనులోనికి ఈథరు కలసిన స్టార్టింగు మందును చల్లుట ప్రమాదకరము. అది వేళ కాని వేళ మండి పిస్టనును పగులగొట్టగలదు. గాలి గొట్టము దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టు అలవాటు కూడ ఇట్టిదే. దానివలన మంటలు లేచును.

మూడు ప్రశ్నలు

పరీక్ష చేయువాడు తనను తాను మూడు ప్రశ్నలు వరుసగా వేసికొనవలెను. సెల్ఫు ఇంజనును త్రిప్పుచున్నదా? చాలినంత వేగముగ త్రిప్పుచున్నదా? తిరుగునపుడు సైలెన్సరునుండి పొగ వచ్చుచున్నదా?

సెల్ఫు తిరుగకున్నను, మెల్లగా తిరిగినను లోపము విద్యుత్తు మార్గములోనిది. ఇంజను నిమిషమునకు సుమారు 150 చుట్లైనను తిరిగిననే చల్లని వేళ డీజిలు మండునని సాధారణముగ చెప్పవచ్చును. వేగముగ తిరుగుచున్నను పొగ ఏమాత్రము రాకున్నచో డీజిలు నాజిళ్లను చేరుట లేదు. తెల్లని పొగ వచ్చుచు ఇంజను అందుకొనకున్నచో డీజిలు చేరుచున్నది గాని మండుట లేదు. వేడి చాలదు, లేదా పంపు సమయము తప్పినది. ఈ విధముగ ఒక పానా అయినను పట్టకుండ సగము రోగమును గుర్తింపవచ్చును.

విద్యుత్తు మార్గము

ఇందులకు అందరును చేయదగిన పరీక్ష ఒకటి కలదు. చీకటి వేళ హెడ్‌లైట్లు వెలిగించి సెల్ఫు కొట్టవలెను. లైట్ల కాంతి ఏమాత్రము తగ్గక, సెల్ఫు కూడ తిరుగకున్నచో విద్యుత్తు సెల్ఫు దాక పోవుట లేదు. తాళపు స్విచ్చి, సొలినాయిడు, వాటి తీగలు చూడవలెను. లైట్లు ఒక్కసారిగా ఆరిపోయినచో బ్యాటరీ కొనల దగ్గర అతుకు వదులైనది, లేదా తెల్లని బూజు పట్టినది. లైట్లు బాగుగా మందగించి సెల్ఫు మెల్లగా తిరిగినచో బ్యాటరీ డస్సినది, లేదా ఇంజను బిగువుగా ఉన్నది. లైట్లు కొంచెమే మందగించి సెల్ఫు నీరసముగ తిరిగినచో దారిలో ఎచ్చటనో అడ్డు కలదు. పైన చెప్పిన ఎర్తు పట్టీ లోపము ఇట్టిదే.

తక్కువ ధరకు దొరకు మీటరు ఒకటి ఉన్నచో సంగతి మరింత స్పష్టమగును. విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపును, 12.2 చూపినచో సగము మాత్రమే ఉన్నది. సెల్ఫు కొట్టుచుండగా అది 9.6 వోల్టులకు దిగువకు పడిపోరాదు. నీరు పోయు మూతలున్న బ్యాటరీలో హైడ్రోమీటరుతో ప్రతి గదిని వేరువేరుగ చూడవచ్చును. 1.250 గాని అంతకు మించి గాని ఉన్నచో మంచిది, 1.200 ఉన్నచో ఇంచుమించు సగము, 1.150 ఉన్నచో దాదాపు ఖాళీ. ఒక్క గది మాత్రమే మిగిలిన వాటికంటె బాగుగా తక్కువ చూపినచో ఆ బ్యాటరీని ఎంత ఛార్జి చేసినను ప్రయోజనము లేదు.

తరువాత మీటరు ఒక కొనను బ్యాటరీ ఎర్తు కొనపై, రెండవ కొనను ఇంజను లోహముపై ఉంచి సెల్ఫు కొట్టింపవలెను. మీటరు అర వోల్టునకు మించి చూపినచో ఎర్తు మార్గమున అడ్డు ఉన్నది. ఇదే విధముగ బ్యాటరీ రెండవ కొననుండి సెల్ఫు బోల్టు వరకు చూడవలెను. ఈ చిన్న అడ్డు ఎంత హాని చేయునో లెక్క కట్టి చూడుడు. డీజిలు ఇంజను సెల్ఫు 300 ఆంపియర్లు లాగుచున్నదనుకొందము. తీగలో ఓము యందు నూరవ వంతు అడ్డు ఉన్నను 3 వోల్టులు అచ్చటనే హరించిపోవును. పన్నెండింటిలో నాలుగవ వంతు దారిలోనే పోయిన తరువాత సెల్ఫునకు బలమెక్కడిది? పెట్రోలు ఇంజను అంత విద్యుత్తు లాగదు గనుక, అదే తీగ పూర్వము ఏ ఫిర్యాదు లేకుండ పని చేసి యుండును.

కావున ఇంజను మార్పించునపుడే ఈ క్రింది వానిని అడిగి చూచుకొనవలెను. పెట్రోలు ఇంజనుకు 50 ఆంపియర్-గంటల బ్యాటరీ చాలి యుండవచ్చును. డీజిలునకు 75, 80 ఆంపియర్-గంటలది వలయును. సెల్ఫు తీగలు అందుకు తగిన లావు ఉండవలెను. ఇంజనునుండి చాసిస్‌కు, చాసిస్‌నుండి బ్యాటరీకి ఎర్తు పట్టీలుండవలెను; అవి తగులు చోట రంగును, త్రుప్పును గీకివేయవలెను. కొన్ని పాత బ్రిటిష్ నమూనా కార్లలో బ్యాటరీ ధన కొన ఎర్తునకు కలిసి యుండెడిది. అట్టి బండికి ఋణ ఎర్తుతో పని చేయు ఆల్టర్నేటరు వేసి, బ్యాటరీని పాత విధముగనే బిగించినచో అందలి డయోడులు తక్షణము కాలిపోవును.

డీజిలు మార్గము

పొగ లేకున్నచో ముందుగా చూడవలసినది ఇంజను ఆపు తీగ. పెట్రోలు బండిలో తాళము త్రిప్పిన రవ్వ ఆగి ఇంజను ఆగును. డీజిలు ఇంజను ఆగవలెనన్న డీజిలు ఆగవలెను. అందుకై పంపు దగ్గర ఒక మీట గాని, విద్యుత్తుతో పని చేయు సొలినాయిడు గాని ఉండును. మార్పిడి చేసిన బండిలో ఆ తీగ పొట్టిదై, లేక త్రుప్పు పట్టి, మీట ‘ఆపు’ స్థానముననే నిలిచిపోవుట కలదు. చేతితో మీటను వెనుకకు నెట్టి చూచిన చాలును. సొలినాయిడు అయినచో తాళము త్రిప్పినపుడు ‘టిక్కు’ మను చప్పుడు వినవలెను.

రెండవది గాలి. పెక్కు మార్పిడులలో పాత పెట్రోలు ట్యాంకును, పాత సన్నని గొట్టమును అట్లే ఉంచెదరు. పాత జీపులలో ట్యాంకు డ్రైవరు సీటు క్రింద నుండును. పంపు దానికంటె ఎత్తున ఉన్నచో డీజిలును పైకి పీల్చుకొనవలెను. పీల్చు గొట్టములో పగులుగాని, వదులు అతుకుగాని ఉన్నచో డీజిలు బయటికి కారదు. గాలియే లోపలికి పోవును. అందుచే ఎక్కడను తడి కనిపింపదు. రాత్రి బండి నిలిచి యున్నపుడు డీజిలు మెల్లగా ట్యాంకునకు జారును. ఉదయము సెల్ఫు ఎంత త్రిప్పినను పొగ రాదు. చేతి పంపుతో పదిపది హేను మార్లు కొట్టినంతనే స్టార్టు అగును. ఉదయమున ఈ విధముగ జరిగినచో రోగము ఇదియేనని ఇంచుమించు నిశ్చయింపవచ్చును. ఫిల్టరుకు ముందు జానెడు తెల్లని పారదర్శకపు గొట్టమును తాత్కాలికముగ అమర్చినచో బుడగలు కంటికి కనిపించును.

గాలిని తీయు పద్ధతి ఇది. ఫిల్టరు పైనున్న గాలి మరను వదులు చేసి, నురుగు పోయి శుద్ధమైన డీజిలు వచ్చు వరకు చేతి పంపును కొట్టి, మరను బిగింపవలెను. పిమ్మట పంపు పైనున్న మర దగ్గర అట్లే చేయవలెను. చివరకు నాజిళ్లకు పోవు పైపులలో రెండింటి నట్లను ఒక చుట్టు వదులు చేసి, సెల్ఫు కొట్టి, డీజిలు ఎగిసిన తరువాత బిగింపవలెను. సెల్ఫును ఒక్కసారికి పది సెకండ్లకు మించి కొట్టరాదు. నడుమ అర నిమిషము విశ్రాంతి నీయవలెను.

మూడవది తిరుగు గొట్టము. నాజిళ్లలో మిగిలిన డీజిలు ట్యాంకునకు తిరిగి పోవలెను. పెట్రోలు ట్యాంకునకు అట్టి దారి లేకుండుటచే కొందరు ఆ గొట్టమును ఫిల్టరుకు ముందే కలిపెదరు. అపుడు బుడగలు, వేడి అచ్చటనే తిరుగుచుండును. ట్యాంకునకు క్రొత్తగ దారి పెట్టించుటయే సరియైన పని. ఆ పనికై ట్యాంకును దింపి, కడిగి, పెట్రోలు ఆవిరి పూర్తిగా తొలగిన పిమ్మటనే పనివానికి ఒప్పగింపవలెను. ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకు నిండిన ట్యాంకుకంటె ప్రమాదకరము. వెల్డింగు నిప్పు సోకినచో బాంబువలె ప్రేలును.

వేడియు, సమయమును

తెల్లని పొగ వచ్చుచు ఇంజను అందుకొనకున్నచో హీటరు ప్లగ్గులను చూడవలెను. ఇవి లేని డీజిలు ఇంజనులు కూడ కలవు. ముందు ఆ సంగతి తెలిసికొనవలెను. ప్లగ్గులను కలుపు పట్టీని విప్పి, టెస్టు ల్యాంపు ఒక తీగను బ్యాటరీ ధన కొనకు, రెండవ తీగను ప్లగ్గు తలకు తాకింపవలెను. ల్యాంపు వెలిగినచో ప్లగ్గు తీగ తెగలేదు. వెలుగకున్నచో ఆ ప్లగ్గు పోయినది. నాలుగు ప్లగ్గులు కలసి సుమారు 40 ఆంపియర్లు లాగును. పెట్రోలు బండి తాళపు స్విచ్చికి అంత శక్తి లేదు. ప్లగ్గులను తిన్నగా దానికే కలిపినచో కొలది దినములలో స్విచ్చి లోపల కాలి, ప్లగ్గులు మంచివైనను వేడెక్కవు. నడుమ ఒక రిలే పెట్టవలెను. వేసవిలో ఈ లోపము బయట పడదు. లంబసింగి, అరకు వంటి చోట్ల పుష్యమాసపు వేకువన అది వెంటనే తెలియవచ్చును.

ప్లగ్గులు మంచివైనచో పంపు సమయము చూడవలెను. పంపును దింపి ఎక్కించినపుడు గేరు ఒక పన్ను తప్పినను డీజిలు ముందుగానో ఆలస్యముగనో చిమ్మబడును. ముందుగా చిమ్మినచో ఇంజను గట్టిగ కొట్టుకొనును. ఆలస్యమైనచో తెల్లని పొగ కమ్మును. గుర్తులు కలిపి చూచుట అనుభవజ్ఞుడైన పంపు మేస్త్రీ పని. చివరిది కంప్రెషను. ట్యాపెట్ల సందు తక్కువైనచో వాల్వు పూర్తిగ మూయబడదు. రింగులు అరిగినను, హెడ్డు గ్యాస్కెట్టు పోయినను గాలి జారిపోవును. పాత ఇంజనును కొని వేయించుకొనువారు, దానిని బిగించుటకు ముందే ప్రతి సిలిండరు కంప్రెషనును గేజితో కొలిపించి వ్రాయించుకొనుట మేలు.

పెట్రోలు ఇంజనులోనే మార్పు చేసినచో

కొందరు ఇంజనును మార్చక, బోరు చేయించి, హెడ్డును చదును చేయించి, డెల్కోను విప్పి బిగించెదరు. వారు కూడ ఈ వరుసనే పాటింపవలెను. సెల్ఫు బాగుగా తిరుగుచున్నచో ప్లగ్గును విప్పి, తీగకు తగిలించి, ఇంజను లోహమునకు ఆనించి రవ్వను చూడవలెను. ప్లగ్గు రంధ్రమునకును, కార్బురేటరునకును దూరముగ ఈ పరీక్ష చేయవలెను. రవ్వ లేకున్నచో డెల్కోలోని పాయింట్లు మురికి పట్టినవేమో, వాటి సందు సరిగ ఉన్నదో లేదో చూడవలెను. ఆ సందు పెక్కు పాత కార్లకు 0.35 నుండి 0.40 మిల్లీమీటరు వరకు ఉండును. రవ్వ ఉండి, ఇంజను కార్బురేటరు గుండా ఎదురు తుమ్మినచో తీగల వరుస తప్పినది. జీపునకు, అంబాసిడరునకు ఆ వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. వరుస సరియైనను తుమ్ములు తగ్గనిచో డెల్కో సగము చుట్టు తిరిగి కూర్చున్నదేమో చూడవలెను. హెడ్డును చదును చేయించినచో కంప్రెషను పెరుగును. కావున రవ్వ సమయమును మరల సరిచేయవలెను. రవ్వ ముందుగా వచ్చినచో హ్యాండిలుతో త్రిప్పువాని చేతిని అది వెనుకకు కొట్టి మణికట్టు విరుచును. హ్యాండిలు పట్టునపుడు బొటనవ్రేలు మిగిలిన వ్రేళ్ల ప్రక్కనే ఉండవలెను గాని చుట్టి పట్టరాదు.

నేటి క్రొత్త బండ్ల సంగతి వేరు. వాటి ఇంజనులను కంప్యూటరు పెట్టె నడుపును. 2020 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 నిబంధనల తరువాతి బండ్లలో తీగలను కోసి మార్పులు చేయుట తగదు. తాళపు గుర్తును కంప్యూటరు గ్రహింపకున్నచో సెల్ఫు తిరిగినను ఇంజను పలుకదు. వాటికి స్కానరు ఉన్న చోటికే పోవలెను.

వ్రాతయు, చట్టమును

ఇంజను మార్పించిన దినమున ఒక చిన్న పుస్తకము పెట్టి, ఇంజను సంఖ్య, ఏ బండిది, బ్యాటరీ కొలత, సెల్ఫు రకము, ఏ తీగ ఎచ్చట కలిపినదియు వ్రాయించుకొనవలెను. తరువాత చిక్కు వచ్చినపుడు ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, ఫలితమును దానిలోనే వ్రాయవలెను. ఒకేసారి మూడు వస్తువులు మార్చినచో బండి బాగుపడినను కారణము తెలియదు. మరల చెడినపుడు మొదటినుండి వెదకవలసి వచ్చును.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను బండిలో చేయు మార్పులను గురించినది. ఇంజను సంఖ్యయు, ఇంధనము రకమును రిజిస్ట్రేషను పత్రములో ఉండును గనుక, ఇంజను మార్పించుటకు ముందే రవాణా కార్యాలయములో విచారించి అనుమతి పొందవలెను; పత్రములో మార్పు వ్రాయించుకొనవలెను; బీమా కంపెనీకి కూడ తెలుపవలెను. పత్రము ఒకటి, ఇంజను ఒకటి అయినచో ప్రమాద సమయమున నష్టపరిహారమునకు చిక్కు వచ్చును.

పైన చెప్పిన రైతు సంగతిని మరల తలచుకొందము. ఆయన బండిలో చెడిన వస్తువు ఏదియు లేదు. క్రొత్త ఇంజను మంచిదే. పాత చాసిస్ మంచిదే. రెండింటిని కలుపు మూరెడు పట్టీ మాత్రము లేదు. దానిని కనుగొనిన మేస్త్రీ చేసినదెల్ల, విప్పుటకు ముందు తాకి చూచుటయే. ఇంజను మార్పించిన రైతు సోదరులు బండిని షెడ్డులో ఒక్కసారి స్టార్టు చేయించుకొని తృప్తి పడరాదు. ఒక రాత్రి అచ్చటనే ఉంచి, వేకువన చల్లని ఇంజనును తమ బ్యాటరీతోనే, తమ చేతితోనే స్టార్టు చేసి చూచుకొని ఇంటికి తెచ్చుకొనవలెను. నడిరేయి ఎవరైనను తలుపు తట్టి బండి అడిగినపుడు ఆ ఒక్క రాత్రి ఓర్పు విలువ తెలియగలదు.